సాతంరాయి దారియు, సముద్రము దాటిన నట్టువాంగమును

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున, గగన్‌పహాడ్ గడచిన పిమ్మట శంషాబాదునకు ముందుగా వచ్చు సాతంరాయి గ్రామమునకు, తెలుగు నాట్యచరిత్రతో ఏమి సంబంధమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఈ గ్రామమునకు సమీపమున, సుమారు 5,500 ఎకరముల నేలపై నిర్మితమైన విమానాశ్రయము 2008 మార్చి 23న పనిచేయ నారంభించినది మొదలు, అంతవఱకు బేగంపేట నుండి సాగుచుండిన కళాకారుల విదేశయాత్రలు ఈ దారిని పట్టినవి. ఆ వత్సరముననే జూన్ మాసమున, కాలిఫోర్నియాలోని కూపర్టినోలో సిలికానాంధ్ర సంస్థ ప్రథమ అంతర్జాతీయ కూచిపూడి నాట్యసమ్మేళనమును జరిపెను. 2010 డిసెంబరున గచ్చిబౌలి క్రీడాంగణమున 2,850 మంది నర్తకులు ఏకకాలమున తిల్లానా ప్రదర్శించిరి. కలసి ఆడవలయునన్న ఒక్కచోట చేరక తప్పదని నాటికి ఎల్లరకును తెలిసిన విషయమే.

పూర్వము కూచిపూడి భాగవతులు నడచి పోయి ఆడినవారు. గోల్కొండ తానీషా వారి ఆటకు మెచ్చి అగ్రహారము నొసగెనను ప్రతీతి కలదు. దేహము కదలకయే కళ దూరమునకు పోవుట రేడియోతో విస్తరించినది. 1938లో మదరాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము ప్రసారముల నారంభింపగా, గాత్రము ఇల్లిల్లు చేరినది. కాని నాట్యమునకు ఆ భాగ్యము లేకపోయెను. నేత్రము లేని యంత్రము అభినయము నెట్లు మోయగలదు?

నాట్యబోధనకు ఆ కొఱత, 2003లో వెలువడి పిదప దృశ్యమును జోడించుకొనిన స్కైప్ వంటి సాధనములతో తీరినది. హైదరాబాదున ఉదయము ఆఱు గంటలకు గురువు పాఠము మొదలిడునప్పుడు, కాలిఫోర్నియాలో వేసవి కాలమానము ప్రకారము ముందునాటి సాయంకాలము ఐదున్నర. బడి ముగించుకొని వచ్చిన బాలిక అచ్చట అడుగు వేయుచుండగా, గురువు ఇచ్చట తాళము తట్టుచు మోకాలి వంపును సరిచేయు విద్య అప్పుడే అలవడినది. పిదప 2016లో స్థాపితమైన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయము కూచిపూడిని ఆన్‌లైన్ పట్టపాఠ్యముగనే చేసినది.

2020 మార్చి 22న కోవిడ్ వలన మన దేశమునకు నియమిత అంతర్జాతీయ విమానముల రాక నిలిచిపోయినది. ఆ నియమిత యానములు మఱల 2022 మార్చి 27న గాని ఆరంభము కాలేదు. సాతంరాయి దారిని విదేశయాత్రలు కొఱవడిన ఆ రెండేండ్లలో, పాఠములే గాక ప్రదర్శనములును జూమ్ తెరపైకి ఎక్కినవి. పలు దేశముల నర్తకులు తమతమ గదులలో ఒకే కీర్తనకు వేర్వేరుగా ఆడిన దృశ్యములను ఒక్క తెరపై పేర్చి చూపుట ఆనాడు సర్వత్ర వ్యాపించెను. చెదరిపోవలసిన శిష్యబృందములను నిలిపిన ఆ ప్రయత్నమును నేను మనసార గౌరవింతును. అయినను అది సహనాట్యము కాదు. కారణము లయయందున్నది.

ఆన్‌లైన్ దృశ్యధ్వనులను మోయు గాజుతంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు మాత్రమే పోవును. హైదరాబాదునకును కాలిఫోర్నియాకును నడుమ దూరము 13,000 కిలోమీటర్లకు పైమాట. కావున తిన్నని తీగ యున్నను ఒకవైపునకే సెకనులో 15వ వంతు పట్టును, రాకపోకలకు అంతకు ఇనుమడి. వాస్తవమున తీగలు చుట్టుదారులు పోవుటచేతను, నడుమ యంత్రములు ఆపి పంపుటచేతను ఆలస్యము ఇంకను హెచ్చును. సెకనుకు ఎనిమిది అక్షరములు పలుకు జతిలో పావు సెకను ఆలస్యమైనచో రెండక్షరములు మ్రింగబడును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రిస్ చేఫ్ ప్రభృతులు జాక్‌ట్రిప్ అను సాధనమును నిర్మించి, ఆలస్యము సెకనులో 40వ వంతు దాటినకొలది వాద్యగాండ్రు ఒకరి కొఱకొకరు వేచి, లయను వెనుకకు లాగుదురని పరీక్షించి చూపిరి. సమీప నగరముల మధ్య ఆ సాధనము చక్కగా పనిచేయును; మహాసముద్రముల పొడవున మాత్రము ప్రకృతినియమమే అడ్డు నిలుచును. కూచిపూడి తరంగమునందు పళ్లెరపుటంచున నిలిచిన నర్తకి పాదము ఎప్పుడు వాలునా యని కనిపెట్టి, నట్టువాంగము చేయువాడు తాళమును ఆ పాదమునకు అందించును. మృదంగము దాని ననుసరించును. ఈ పరస్పరావధానము ముందుగ ధ్వనిముద్రితమైన పాటకు ఎచ్చటనుండి వచ్చును?

కావున తీగ మీద ప్రయాణింపదగినది ప్రదర్శనము కాదు, శిక్షణము. ఈ వరము ఇంతవఱకు కూచిపూడికిని, కర్ణాటక సంగీతమునకును దక్కినంతగా, చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి మహనీయులు వెలయించిన, డోలు మ్రోతతో చెప్పు జానపదకళయగు ఒగ్గుకథకు దక్కలేదు. సంపన్నశిష్యులు గల విద్యలకన్న, వారసులు కఱవగుచున్న విద్యలకే ఈ దూరపాఠము హెచ్చు అవసరము. విదేశములందలి తెలుగు సంఘములవారు సభలకు కళాకారులను పిలిపించుకొనుటతో తృప్తిపడక, ఒక ఒగ్గుకళాకారునికి నెలనెల వేతనమిచ్చి, డోలు పాఠమును తమ పిల్లలకు వారమున కొక్కసారియైనను చెప్పించుకొనవలెనని నా ప్రార్థన.