పొలంలో పుట్టి పాటల్లోకొచ్చిన షఫుల్

పేకాటకు కూర్చున్నవాళ్ళలో ఒకడు ముక్కలు కలుపుతాడు. పక్కవాడు కోస్తాడు. కలిపినవాడు పంచుతాడు. కలపడం, కోయడం, పంచడం: ఈ మూడు మాటలూ సంక్రాంతికి ఏ అరుగు మీద చూసినా వినబడేవే. ఫోనులో పాటల యాప్ తెరిస్తే ఒకదాన్నొకటి దాటుకుపోయే రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. అది కలపడం. షేర్ గుర్తు నొక్కితే పంచడం. కోత ఒక్కటే ఆ తెర మీద లేదు. దాని సంగతికి చివర్లో వద్దాం.

మన దగ్గరున్న పాటలన్నీ కలిపేసి, వచ్చిన వరసలో ఇంకొకరికి వినిపించడం ఇప్పుడు చిటికెలో పని. ఆ చిటికె వెనక ఇంగ్లండులో ఒక పొలం ఉంది. బెల్జియంలో ఒక ఇంజనీరు జేబులో పెట్టుకు తిరిగిన చెక్కముక్క ఉంది. వాల్తేరులో లెక్కలు చదువుకున్న ఒక తెలుగాయన కూడా ఉన్నాడు.

పొలంలో కలిపారు

లండన్‌కు ఉత్తరాన హార్పెండెన్ దగ్గర రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉంది. 1843 నుంచీ అక్కడ ఎరువుల మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే గణాంకవేత్త ఆ క్షేత్రంలో చేరాడు. ఆయన ముందున్న చిక్కు మన రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. ఐదు రకాల ఎరువుల్లో ఏది మంచిదో తేల్చాలి. ఏ మడికి ఏది వేయాలి? కాలవ పక్క మడి ఏ ఎరువు వేసినా బాగానే పండుతుంది, మెరకన ఉన్నది ఏది వేసినా అంతంతమాత్రమే. మనిషి తన చేత్తో కేటాయిస్తే, తెలిసో తెలియకో తనకు నచ్చిన ఎరువును మంచి మడికే వేస్తాడు. కాబట్టి ఆ నిర్ణయం మనిషి చేతిలో ఉండకూడదు, చీటీలు వేయాల్సిందే అన్నాడు ఫిషర్.

చీటీలు వేయడానికి కూడా ఒక పద్ధతి ఉండాలి కదా. ఫిషర్, ఆయన సహచరుడు ఫ్రాంక్ యేట్స్ కలిసి 1938లో అచ్చువేసిన గణాంక పట్టికల పుస్తకంలో ఆ పద్ధతి ఉంది. కాగితం, పెన్సిలు, యాదృచ్ఛిక అంకెల పట్టిక ఉంటే చాలు.

ఐదు పాటలతో మనమే చేసి చూద్దాం. 1 నుంచి 5 దాకా అంకెలు వరసగా రాసుకోండి. ఒకటికీ ఐదుకీ మధ్య కళ్ళు మూసుకుని ఒక అంకె తీయండి. నాలుగు వచ్చిందనుకుందాం. నాలుగోదాన్ని కొట్టేసి పక్కన రాయండి. ఇంక మిగిలినవి నాలుగు కాబట్టి ఈసారి ఒకటికీ నాలుగుకీ మధ్య తీయాలి. మళ్ళీ నాలుగే వచ్చింది. కొట్టేయనివాటిలో నాలుగోది 5, అది రెండో పాట. తర్వాత ఒకటి వచ్చింది, మూడో పాట 1. ఆ తర్వాత రెండు వచ్చింది, మిగిలిన 2, 3లలో రెండోది 3. చివరికి మిగిలింది 2. వరస 4, 5, 1, 3, 2. ఐదు పాటలను 120 రకాలుగా పేర్చవచ్చు. ఈ పద్ధతిలో ఆ 120 వరసలకూ సమానమైన అవకాశం ఉంటుంది. ఇరవై పాటలైతే వరసల లెక్క 19 అంకెల సంఖ్య.

ఇందులో ఇంకో సుగుణం ఉంది. తీసిన చీటీని మళ్ళీ డబ్బాలో వేస్తే, విన్న పాటే మళ్ళీ తగులుతుంది. వెయ్యి పాటల డబ్బాలోంచి అలా తీస్తూ పోతే 38 పాటలు తిరక్కముందే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి పైనే. ఫిషర్, యేట్స్‌ల పద్ధతిలో కొట్టేసింది మళ్ళీ రాదు. పేక పంచినట్టే: ఒకసారి వేసిన ముక్క కట్టలో ఉండదు.

1964లో రిచర్డ్ డర్‌స్టన్‌ఫెల్డ్ దీన్ని కంప్యూటరుకు అనువుగా మార్చాడు. కొట్టేసి వేరే చోట రాయడం ఎందుకు, వచ్చినదాన్ని మిగిలినవాటిలో చివరిదానితో తారుమారు చేస్తూ పోతే సరిపోతుందన్నాడు. డొనాల్డ్ నూత్ తన ప్రోగ్రామింగ్ గ్రంథంలో చేర్చాక అది ఇంటింటి వంటకమైపోయింది.

ఈ కథలో మనవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, కేంబ్రిడ్జిలో ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పొందినవాడు. 1961లో 'సాంఖ్య' పత్రికలో ఆయన ఒక కొత్త పద్ధతి ప్రచురించాడు. ప్రతి వస్తువుకూ ఒక యాదృచ్ఛిక అంకె ఇచ్చి, పోస్టాఫీసులో ఉత్తరాలను అరల్లో వేసినట్టు, అంకెను బట్టి అరల్లో వేయాలి. ఒక అరలో ఒకటికి మించి పడితే ఆ అర వరకు మళ్ళీ అదే పని చేయాలి. ఫిషర్, యేట్స్‌ల పుస్తకం తర్వాతి కూర్పులో వాళ్ళ సొంత పద్ధతికి బదులు రావు పద్ధతి కనిపిస్తుంది. గురువు పుస్తకంలోనే గురువు పద్ధతి పోయి శిష్యుడిది చేరిందంటే అంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి? 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్న ఆ ఏడాదే, ఆగస్టులో, 102 ఏళ్ళ వయసులో రావు కన్నుమూశాడు.

పేర్చి పంచారు

కలపడం పొలంలో పుడితే, పాటలు పంచడం రేడియోలో మొదలైంది. 1942 జనవరిలో బీబీసీ 'డెజర్ట్ ఐలండ్ డిస్క్స్' ప్రారంభించింది. ఒంటరి దీవిలో చిక్కుకుపోతే ఏ ఎనిమిది రికార్డులు వెంట ఉండాలో పేరున్నవాళ్ళు వచ్చి చెప్పడం, వాటిని వినిపించడం. మన వివిధ భారతి 'జనరంజని'లోనూ సినిమావాళ్ళు వచ్చి, తమకు ఇష్టమైన పాటలు ఏరి, ఎందుకిష్టమో చెప్పి వినిపించిన రోజులున్నాయి. ఒక మనిషి సొంత పాటల పెట్టె ఊరందరి ముందు తెరుచుకోవడమంటే అదే.

మామూలు మనిషికి ఆ భాగ్యం క్యాసెట్‌తో దక్కింది. బెల్జియంలోని హాసెల్ట్‌లో లూ ఒటెన్స్ అనే ఫిలిప్స్ కంపెనీ ఇంజనీరు, రికార్డరు కోటు జేబులో పట్టాలని, ఆ కొలతకు చెక్కించిన ముక్కను జేబులో వేసుకు తిరిగాడు. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో క్యాసెట్ బయటికొచ్చింది. లోపలి టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు.

ఎనభైల్లో మా ఊళ్ళో బస్టాండు ఎదురుగా రికార్డింగ్ షాపు ఉండేది. నోటుబుక్కు కాగితం మీద పాటలు వరసగా రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు ఇచ్చి వచ్చేవాళ్ళం. సి-60 అంటే ఒక్కో పక్క అరగంట, ఎనిమిది పాటలు, కలిసొస్తే తొమ్మిది. తొమ్మిదోది చాలాసార్లు చరణం మధ్యలోనే తెగిపోయేది. అందుకని చివరికి చిన్న పాట ఏరి పెట్టడం ఒక విద్య. రెండు విషాదగీతాలు పక్కపక్కన పడకూడదు, ఘంటసాల వెనక సుశీల రావాలి, భక్తి పాట మొదట్లోనే ఉండాలి. ఎవరైనా దానిమీద ఇంకోటి ఎక్కించకుండా క్యాసెట్ అంచున ఉండే చిన్న రెక్కలు విరిచేసి, అప్పుడు చేతికిచ్చేవాళ్ళం. పంచడమంటే అప్పట్లో పేర్చడమే.

1979 జులై 1న సోనీ విడుదల చేసిన మొదటి వాక్‌మన్‌కు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి రెండు రంధ్రాలుండేవి. ఒక్కడే చెవుల్లో పెట్టుకు వినడం మర్యాద కాదేమోనని కంపెనీ పెద్ద అకియో మొరితాకు అనిపించిందట. ఏకాంతం కోసం చేసిన యంత్రంలో కూడా పక్కవాడికి చోటు ఉంచారు.

మీట నొక్కి కలిపారు

టేపుతో ఒకటే ఇబ్బంది. మూడో పాట నుంచి ఏడో పాటకు పోవాలంటే మధ్యలో ఉన్న టేపంతా చుట్టాలి. కలిపి వినడం కుదరదు. 1982లో జపాన్‌లో సీడీ ప్లేయరు అమ్మకానికొచ్చాక ఆ చెర వదిలింది. లేజరు కిరణం ఏ పాట మీదికైనా క్షణాల్లో దూకగలదు. ఆ దశాబ్దంలోనే ప్లేయర్ల ముఖాల మీద షఫుల్, ర్యాండమ్ అనే మీటలు మొలిచాయి. కానీ సీడీలో ఉండేవి ఇంచుమించు గంట, గంటంబావు పాటలు. గుప్పెడు ముక్కలతో పేక కలిపినట్టుండేది.

కట్ట పెద్దదైంది జర్మనీలో. ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు చెవికి అందని ధ్వనిని వడకట్టి పాట సైజు పదోవంతుకు తగ్గించారు. ఆ ఫైళ్ళకు 1995 జులైలో ఎంపీ3 అని పేరు ఖాయమైంది. 1997లో వచ్చిన విన్‌ఆంప్ ఆ పాటలకు వాకిలి తెరిచింది. దానితో ఎం3యూ అనే జాబితా ఫైలు బాగా వాడుకలోకొచ్చింది. అందులో పాట ఉండదు, పాట ఏ ఫోల్డరులో ఉందో చెప్పే వరసలు మాత్రం ఉంటాయి. తెలియక ఒకసారి ఒక స్నేహితుడికి ఆ ఫైలొక్కటే ఫ్లాపీలో వేసిచ్చాను. విస్తరి వేయకుండా వంటకాల పట్టీ చదివి వినిపించావేమిట్రా అన్నాడు.

2001 అక్టోబరు 23న ఆపిల్ ఐపాడ్ వచ్చింది, 5 జీబీ, వెయ్యి పాటలు. 2005 జనవరిలో ఐపాడ్ షఫుల్ వచ్చింది, 22 గ్రాములు, తెర లేదు. తర్వాత ఏ పాట వస్తుందో చూసుకునే వీలే లేదు. లోపాన్నే కంపెనీ గొప్పగా అమ్ముకుంది. జీవితమే యాదృచ్ఛికమని ప్రకటనలు వేసింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు వినడం ఫ్యాషనైపోయింది.

అనుమానమొచ్చింది

వెంటనే ఫిర్యాదులు కూడా మొదలయ్యాయి. అమెరికన్ పాత్రికేయుడు స్టీవెన్ లెవీ తన ఐపాడ్‌కు స్టీలీ డాన్ అనే బృందం మీద పక్షపాతం ఉందేమోనని పత్రికలోనే అడిగాడు. ఆ పిచ్చి ఎంతదాకా పోయిందంటే, 2006లో ఐపాడ్ మీద ఆయన రాసిన పుస్తకం అధ్యాయాలను కలిపేసి, వేర్వేరు ప్రతుల్లో వేర్వేరు వరసల్లో అచ్చువేశారు.

నిజానికి పక్షపాతం యంత్రానిది కాదు, మనదే. కలపడమంటే సమంగా చల్లడం అని మనం అనుకుంటాం. ఘంటసాల పాటలు పది, సుశీల పాటలు పది కలిపి చూడండి. ఒకరి తర్వాత ఒకరుగా చివరిదాకా రావడానికి అవకాశం 92,378లో ఒక్కటి. నిజంగా కలిపితే ఘంటసాల వెంట ఘంటసాల రావడమే సహజం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ జనం కూడా ఇలాగే పొరబడ్డారు. జర్మన్లు ఎగిరే బాంబులను కొన్ని పేటల మీదే గురిపెట్టి వేస్తున్నారని అనుకున్నారు. 1946లో ఆర్.డి. క్లార్క్ అనే బీమా గణకుడు దక్షిణ లండన్‌ను 576 గళ్ళుగా విడగొట్టి, పడిన 537 బాంబులనూ లెక్కించాడు. 229 గళ్ళలో ఒక్కటీ పడలేదు, 35 గళ్ళలో మూడేసి పడ్డాయి. గురి అంటూ లేకుండా వేస్తే ఎంత రావాలో లెక్క కట్టి చూస్తే ఇంచుమించు ఇవే అంకెలు.

జనానికి లెక్క చెప్పేకంటే యంత్రాన్ని మార్చడం సులువని కంపెనీలు గ్రహించాయి. 2005లో ఐట్యూన్స్‌లో 'స్మార్ట్ షఫుల్' పెడుతూ, యాదృచ్ఛికంగా అనిపించడం కోసమే యాదృచ్ఛికతను తగ్గించామని స్టీవ్ జాబ్స్ చెప్పాడు. అప్పటిదాకా ఫిషర్, యేట్స్‌ల పద్ధతినే వాడిన స్పాటిఫై కూడా 2014 నాటికి దారి మార్చినట్టు చెప్పింది. ఒక గాయకుడి పాటలు నాలుగుంటే వాటిని జాబితా పొడవునా ఇంచుమించు సమదూరంలో, కాస్త అటూ ఇటూ జరిపి పెట్టడం అప్పటి కొత్త పద్ధతి. చూశారా, తిరిగి తిరిగి రికార్డింగ్ షాపు చీటీకే వచ్చాం: ఒకే గొంతు వరసగా రెండుసార్లు రాకూడదు!

కలపడాన్ని కాదన్నవాళ్ళూ ఉన్నారు. 2021 నవంబరులో గాయని అడెల్ కోరితే స్పాటిఫై ఆల్బమ్ పేజీల మీద షఫుల్ దానంతటదే నడిచే ఏర్పాటు తీసేసింది. ఆల్బమ్‌లో పాటల వరసకు ఒక కథ ఉంటుందన్నది ఆమె వాదన. న్యాయమే, అది కళాకారుడు పేర్చిన వరస. మన పెట్టెలోని పాటలను అలా పేర్చినవాడు ఎవడూ లేడు. అవి ఏళ్ళ తరబడి వచ్చి చేరినవి.

కోత ఎక్కడ?

ఇప్పుడు కోత సంగతి. కలిపినవాడు ముక్కలు తనకు అనుకూలంగా సర్దుకున్నాడేమోనన్న అనుమానం తీరడానికే పక్కవాడి చేత కోయిస్తారు. 2000ల మధ్యలో ఐపాడ్‌లున్నవాళ్ళు అలాంటి నియమంతోనే ఒక ఆట ఆడారు. శుక్రవారం నాడు తమ పాటలన్నిటినీ కలిపి, వచ్చిన మొదటి పదింటినీ తమ బ్లాగులో రాయాలి. నియమం ఒక్కటే, సిగ్గేసినా సరే ఒక్క పాటనూ దాటేయకూడదు. బాలమురళి వెనక పిల్లవాడి కోసం ఎక్కించిన రైమ్ వస్తే రైమే రాయాలి.

పేర్చి ఇచ్చిన జాబితా పెళ్ళిచూపుల్లాంటిది, ముస్తాబై కూర్చుంటాం. కలిపి ఇచ్చిన జాబితా చెప్పకుండా వచ్చిన చుట్టానికి కనిపించే ఇల్లు. నాకు రెండోదే ఎక్కువ నచ్చుతుంది. పెట్టె మనదైతేనే అందులో పస. స్ట్రీమింగ్ యాప్ తన గోదాములోంచి కలిపి పోసే కోట్ల పాటల్లో మన ఆనవాలు ఉండదు. మనం దాచుకున్న మూడొందల పాటల్లో పది వరసగా వస్తే మన ఊరు, వయసు, తొలి ఉద్యోగం, మరిచిపోయామనుకున్న మనిషి బయటపడతారు.

అందుకని ఒక చిన్న మనవి. మీ పాటల పెట్టె, ఏ ఫోనులో ఏ పెన్‌డ్రైవ్‌లో ఉన్నా, ఒకసారి తెరిచి కలపండి. దగ్గరివాళ్ళెవరినైనా ఒకటికీ ఇరవైకీ మధ్య అంకె చెప్పమనండి. అదే కోత. అక్కణ్ణించి వచ్చిన పది పాటలను, వచ్చిన వరసలోనే, వాళ్ళకు పంపండి. ఒక్కటీ దాటేయకండి.