పడవ దారి పోయింది – సరిహద్దు మిగిలింది

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. పెన్షన్ సవరణల గురించి, కరువు భత్యం బకాయిల గురించి సాధికారంగా రాసే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను 1968లో నీటిపారుదల శాఖలో సూపర్‌వైజరుగా చేరి, పోచంపాడు కాలువల మీద, కడెం దగ్గర, చెన్నూరులో పనిచేసి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు నీళ్ల సంగతి తప్ప వేరే సంగతి అంతగా తెలియదు. కాబట్టి ఒక నది గురించి రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

మా పెళ్లయి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2018లో మా పెద్దబ్బాయి మా దంపతులను ఫ్రాన్సు దేశం తీసుకుపోయాడు. అక్కడ లియాన్ అనే పట్టణంలో సోన్ నది వచ్చి రోన్ నదిలో కలుస్తుంది. ఆ సంగమం దగ్గర పడవ ఎక్కి వారం రోజులు దక్షిణంగా ప్రయాణం చేశాము. పడవ అంటే మన నాటు పడవ కాదు. మంచి లాడ్జి ఒకటి నీటి మీద నడుస్తున్నట్లు ఉంటుంది. పొద్దున లేచి కిటికీ తెర తీస్తే ఎదురుగా గుట్టల మీద మెట్లు మెట్లుగా ద్రాక్ష తోటలు. టాన్ లెర్మిటాజ్ అనే ఊరి దగ్గర ఆ మెట్ల తోటలు నదిని ఆనుకొనే ఉన్నాయి. ఏ ఊరి దగ్గర ఆగితే ఆ ఊరి ద్రాక్ష సారా, ఆ ఊరి జున్ను బల్ల మీదికి వచ్చేవి. నేను పుచ్చుకునేవాణ్ణి కాదు. మా శ్రీమతి గ్లాసు వాసన చూసి, "దీనికన్న మన ఈత కల్లే నయం" అన్నది. మా అబ్బాయి ఆ మాట అక్కడివారికి చెప్పకుండా నవ్వి ఊరుకున్నాడు.

అందరూ తోటలను, కోటలను చూస్తుంటే నేను మాత్రం లాకులను చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం పోయినా బుద్ధి పోదు కదా! లాకు అంటే కోస్తా జిల్లాల వారికి చెప్పనక్కర లేదు. మన వైపు వారి కోసం రెండు మాటలు చెబుతాను. నదికి అడ్డంగా ఆనకట్ట ఉంటే పడవ పై నీటి నుంచి కింది నీటికి దిగలేదు. అందుకని పక్కన రెండు తలుపులున్న పెద్ద తొట్టి కడతారు. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు మూసి, నీటిని మెల్లగా కిందికి వదులుతారు. నీటితోపాటు పడవ కూడా దిగుతుంది. అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. లియాన్ నుంచి సముద్రం దాకా ఇలాంటివి 12 ఉన్నాయి. వాటిలో బొల్లెన్ అనే చోట 1952లో కట్టిన లాకు అన్నిటికన్న లోతైనది. అక్కడ మా పడవ సుమారు 23 మీటర్లు దిగింది. రెండు వైపులా నల్లని తడి గోడలు పైకి లేస్తుంటే, ఆకాశం సన్నని పట్టీలాగా కనిపించింది.

ఆ తడి గోడల మధ్య నిలబడి ఉండగా నాకు మా అక్క గుర్తుకు వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ముందు గోదావరి కథ చెప్పాలి.

మూడు అడ్డంకులు

సర్ ఆర్థర్ కాటన్ 1847 – 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సంగతి అందరికీ తెలుసు. అంతటితో ఆయన ఆలోచన ఆగలేదు. ఆయనకు రైలుకన్న నీటి దారి మీద నమ్మకం ఎక్కువ. కాకినాడ సముద్రం నుంచి గోదావరి మీదుగా, అక్కడి నుంచి ప్రాణహిత, వార్ధా నదుల మీదుగా నాగపూరు ప్రాంతం దాకా పడవలు నడపాలన్నది పథకం. అక్కడ హింగన్‌ఘాట్ పత్తి పేరు మోసింది. బండ్ల మీద వందల మైళ్లు పోయే ఆ పత్తి నీటి మీద చవకగా సముద్రం చేరుతుందని లెక్క. ఎఫ్.టి. హేగ్ అనే సైనిక ఇంజనీరు నది పొడవునా సర్వే చేసి 1856లో నివేదిక ఇచ్చాడు.

నదిలో ముఖ్యంగా మూడు చోట్ల బండరాళ్ల వరుసలు అడ్డం ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. రెండవది ఇంద్రావతి సంగమ ప్రాంతంలో ఇచ్చంపల్లి. మూడవది సిరొంచకు పైన ప్రాణహిత మీద దేవలమర్రి. ఈ మూడు చోట్లా ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టి పడవలను దాటించాలి. అంటే నేను రోన్ నది మీద చూసిన పనే! కాకపోతే దానికి దాదాపు వందేళ్ల ముందు, రాళ్లతో, సున్నంతో, కూలీల చేతులతో.

పని మొదలైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం రావడంతో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై, ఈ పథకానికి మరింత ఊపు వచ్చింది. కానీ అడవి జ్వరాలు కూలీలను, దొరలను ఒకే తీరుగా పట్టుకున్నాయి. వానకాలంలో వరద, ఎండకాలంలో ఇసుక. ఏడాదిలో పని జరిగేది కొద్ది నెలలే. ఇంతలో 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తి అంతా పడమటి దారి పట్టింది. చివరకు 1871లో పని ఆపివేయమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచింది. నేను ఒకసారి ఆఫీసు పని మీద భద్రాచలం పోయినప్పుడు చూసి వచ్చాను. ఆ రాతి పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

పడవ కోసం ఒడంబడిక

ఇంజనీర్లు రాసుకున్న కథ ఇంతటితో అయిపోతుంది. మన కథ ఇక్కడ మొదలవుతుంది.

పడవ దారి నడవాలంటే నది ఒడ్డు చేతిలో ఉండాలి. నదికి ఇరుపక్కలా అప్పుడు నిజాం రాజ్యం. అందుకని 1860 డిసెంబరులో అఫ్జలుద్దౌలా నిజాంతో బ్రిటిష్ వారు కొత్త ఒడంబడిక చేసుకున్నారు. 1853లో బేరారుతోపాటు తీసుకున్న రాయచూరు దోఆబ్, ధారాశివ ప్రాంతాలు నిజాంకు తిరిగి ఇచ్చారు. బదులుగా గోదావరి, ప్రాణహితలకు ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు వారు తీసుకున్నారు. గోదావరి మీద సాగే వర్తకానికి సుంకాలు ఉండరాదని కూడా రాసుకున్నారు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి అలా నిజాం రాజ్యం నుంచి విడిపోయాయి. ప్రాణహితకు పడమట ఉన్న ఆదిలాబాదు, గోదావరికి దక్షిణాన ఉన్న కరీంనగరు నిజాం కిందనే ఉండిపోయాయి. సిరొంచ కేంద్రంగా 'అప్పర్ గోదావరి' అనే జిల్లా ఏర్పడింది. దానికి డిప్యూటీ కమిషనరుగా పనిచేసిన గ్లాస్‌ఫర్డ్ దొర పేరుతో సిరొంచ పక్కన గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరు ఇప్పటికీ ఉంది.

పడవ దారి 1871లో ఆగిపోయింది. తీసుకున్న తాలూకాలు మాత్రం తిరిగి రాలేదు. భద్రాచలం, రేకపల్లి 1874లో, నూగూరు, ఆల్బాక, చర్ల 1909లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసి, ఆ విధంగా తర్వాత తెలుగు రాష్ట్రంలోకి వచ్చాయి. సిరొంచ మాత్రం చాందా జిల్లాలో కలిసింది. సెంట్రల్ ప్రావిన్సులు, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి, 1960లో మహారాష్ట్ర. ఇల్లు కదలకుండానే అక్కడి మనుషులు ఇన్ని రాష్ట్రాలు తిరిగారు. ఇప్పుడది గడ్చిరోలి జిల్లా. నేటికీ సిరొంచ బజారులో తెలుగే వినిపిస్తుంది.

కనపడే ఒడ్డు

మాది మహదేవపూర్ దగ్గర పల్లె. అప్పుడు మంథని తాలూకా, కరీంనగర్ జిల్లా. మా అక్క నాకన్న పదేళ్లు పెద్దది. ఆమెను సిరొంచ ఇచ్చారు. ఇదేమీ దూరపు సంబంధం కాదు. కాళేశ్వరం రేవులో పడవెక్కి గోదావరి దాటితే అవతలి ఒడ్డు నుంచి కాలినడకన పోవచ్చు. ఆ రోజుల్లో పిల్లనివ్వడం, తెచ్చుకోవడం, సంతకు పోవడం, శివరాత్రికి ముక్తీశ్వరుని దర్శనానికి రావడం అన్నీ పడవ మీదే. బాపుతో పోయినప్పుడల్లా అక్క జొన్నరొట్టెలు చేసి, గోదావరి చేపల పులుసు పెట్టేది. వచ్చేటప్పుడు ఎండబెట్టిన ఇప్పపువ్వు మూట కట్టి ఇచ్చేది.

1956 శ్రావణం. నాకు పదకొండేళ్లు. అక్కకు నెలలు నిండాయి. తొలిచూలు కనుక పుట్టింటికి తీసుకురావాలి. కానీ గోదావరి, ప్రాణహిత రెండూ ఒక్కసారే పోటెత్తాయి. నొప్పులు మొదలయ్యాయని, మంత్రసాని చేతులెత్తేసిందని అవతలి ఒడ్డు నుంచి బావ తరఫు మనిషి కేక వేస్తే గాలికి సగం మాటలే వినవచ్చాయి. బాపు పడవ అతని కాళ్లు పట్టుకున్నాడు. అతను, "దొరా, గడ అందదు, తెడ్డు ఆగదు. నీ బిడ్డ కోసం పోయి నీ పానం, నా పానం రెండూ పోతయి" అన్నాడు. అతని తప్పేమీ లేదు. బాపు రెండు రాత్రులు కాళేశ్వరం రేవు మెట్ల మీదనే కూర్చున్నాడు. రాత్రి అవతల దీపం కనపడేది. మూడవ నాడు పడవ కదిలింది. అక్క దక్కింది. పుట్టిన మగపిల్లవాడు దక్కలేదు.

అక్క ఎన్నడూ ఎవరినీ ఒక మాట అనలేదు. చాలా ఏళ్లకు ఒకసారి మాత్రం, "కనపడేటంత దూరంలనే ఉంటిరి తమ్మీ" అన్నది. ఆ మాట నా చెవిలో నేటికీ ఉంది.

నదులకు వరద సహజం. అది ఒడంబడిక వల్ల వచ్చింది కాదు. కానీ నదికి రెండు వైపులా వేర్వేరు రాష్ట్రాలు ఉన్నప్పుడు మధ్యన వంతెన ఎవరు కట్టాలన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. ఈ కాగితాలు ఎట్లా నడుస్తాయో, ఉద్యోగం చేసి వచ్చిన మనకు ఒకరు చెప్పనక్కర లేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాతనే మా కాళేశ్వరం దగ్గర వంతెన మీద బస్సులు తిరగడం మొదలైంది. అప్పటికి అక్క లేదు.

అక్కడ ఏం చేశారు

రోన్ నదికి కూడా రైలు దెబ్బ తగిలింది. పూర్వం సారా పీపాల పడవలు ప్రవాహంతో దిగేవి. తిరుగు ప్రయాణంలో పదుల కొద్దీ గుర్రాలు ఒడ్డు వెంబడి తాళ్లతో పడవలను పైకి లాగేవి. ఆవిరి పడవలు వచ్చి గుర్రాలను తీసేశాయి. 1850లలో రైలు వచ్చి పడవలను దెబ్బ తీసింది. కానీ వారు నదిని వదిలిపెట్టలేదు. 1933లో ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పి విద్యుత్తు, పడవ ప్రయాణం, సాగునీరు మూడు పనులూ ఒకే చేతికి అప్పగించారు. సరుకుతోపాటు ఇప్పుడు మా వంటి ముసలివాళ్లు కూడా ఆ లాకులలో దిగుతున్నారు. ఒడ్డున ఉన్న రైతు పంట, వంట రెండూ ఆ పడవ వల్ల అమ్ముడుపోతున్నాయి.

మనకు లేనిది ఏమిటి? ధర్మపురి, కోటిలింగాల, మంథని, చెన్నూరు, కాళేశ్వరం ఒకే నది వెంట ఉన్నాయి. కోటిలింగాల తవ్వకాలలో శాతవాహనుల తొలి నాణేలు దొరికాయి. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు తిన్నవారికి వాటి రుచి తెలుసు. 2016 చట్టంతో భద్రాచలం నుంచి నాసిక్ దాకా గోదావరిని కాగితం మీద జాతీయ జలమార్గంలో చేర్చారు కూడా.

అయితే తొందరపడి పడవలు దింపమని నేను అనను. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి, పదుల మంది చనిపోయారు. వారిలో మన ఓరుగల్లు వైపువారు కూడా ఉన్నారు. వరదలో పడవ ఆపిన ఆనాటి కాళేశ్వరం పడవ అతనికి ఉన్న బుద్ధి మొదట కావాలి. లైఫ్ జాకెట్టు, నీటి మట్టం లెక్క, వద్దన్నప్పుడు ఆగడం — ఇవి ఉన్న తర్వాతనే విహారం.

నా కోరిక చిన్నది. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. ఆ లోపల దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, సిరొంచ, ఈ మూడు చోట్లా నాలుగు వాక్యాల బోర్డు పెడితే చాలు. ఇక్కడ ఒక పడవ దారి కట్టబోయారు, దాని కోసం ఒక ఒడ్డును వేరు చేశారు, దారి ఆగిపోయింది, ఒడ్డు వేరుగానే ఉండిపోయింది అని. స్నానానికి వచ్చిన పిల్లలు చదువుకుంటారు. మూడు భాషల్లో ఉంటే మరీ మంచిది.

మూడు భాషలు ఎందుకంటే, అక్క తర్వాతి కాన్పు కొడుకు, నా మేనల్లుడు, ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడతాడు. చదివింది మరాఠీ బడిలో కనుక తెలుగు అక్షరం రాదు. ఈ సంచిక అచ్చయి వచ్చిన తర్వాత సిరొంచ పోయి, ఈ వ్యాసం నేనే అతనికి చదివి వినిపిస్తాను. ఇప్పుడు దారి బాగానే ఉంది. వంతెన మీద కొద్ది నిమిషాలు.