గల్లగురిగి నుంచి బడి ఖాతా దాకా

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పిల్లలకు పైసలు దాచడం మొదట నేర్పింది బడి కాదు, కుమ్మరి. ఆయన చేసి ఇచ్చిన గల్లగురిగికి పైన ఒక సన్నని చీలిక తప్ప వేరే నోరు ఉండదు. వేసిన పైస బయటికి రావాలంటే గురిగి పగలాల్సిందే. మన ఇండ్లలో దీన్నే గుల్లక్ అన్నారు. ఈద్ నాడు పెద్దలు ఇచ్చిన ఈదీ అందులో పడేది. ఉర్సుకో, జాతరకో పోయే ముందు అది పగిలేది. పొదుపుకు ఇంతకంటే సులువైన పాఠం లేదు గాని, అందులో ఒక లోపం ఉన్నది. గురిగి లెక్క చెప్పదు. మనం ఎంత వేశామో, ఎవరు చీపురుపుల్ల పెట్టి ఎంత లాగారో దానికి తెలియదు.

లోపలి నాణెం విలువ బయట మారిపోయినా దానికి తెలియదు. నిజాం రాజ్యంలో మనది హాలీ సిక్కా. ఆంగ్లేయుల రూపాయిని కల్దార్ అనేవారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. హైదరాబాద్ విలీనమైన తరువాత కూడా కొన్నేండ్లు రెండూ నడిచి, 1959తో హాలీ చెలామణి ముగిసింది. నడుమ 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి, అణాలు మెల్లగా వెళ్లిపోయినవి. 2011 జూన్ ఆఖరుతో పావలా కూడా చెల్లకుండా పోయింది. ఇక 2016 నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి నోట్లకు పట్టిన గతి సభ్యులకు నేను చెప్పనవసరం లేదు. బియ్యం డబ్బాలలో, చీరల మడతలలో దాచిన మన ఆడవాళ్ల పొదుపు ఎంతో ఆ వారంలోనే ఇంట్లో అందరికీ తెలిసిపోయింది!

అయితే మన ప్రాంతంలో పొదుపు చరిత్ర చెప్పాలంటే ముందు అప్పు చరిత్ర చెప్పాలి. కరువు నేల. గింజలు అయిపోయిన నెలల్లో పెద్దరైతు దగ్గర ధాన్యం నాగుకు తెచ్చుకొని, పంట రాగానే ఎక్కువ కొలిచి ఇచ్చేవారు. కొలవలేనివాడు తన రెక్కలను, ఒక్కొక్కసారి కొడుకు రెక్కలను కూడా అప్పు కింద పెట్టేవాడు. దాన్నే భగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం ఈ ఒప్పందాలను అదుపు చేయడానికి నిబంధనలు తెచ్చింది. 1946 నుంచి 1951 దాకా నల్లగొండ పల్లెలలో సాగిన పోరాటంలో వెట్టితో పాటు ఈ నాగులు, అప్పు పత్రాలు కూడా పెద్ద ఫిర్యాదులే. వెట్టిచాకిరీ రద్దుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1976లో గాని రాలేదు. అటు పాలమూరులో మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు వేరొక కథ. 1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. అట్లాంటి పెద్ద కట్టడాలెన్నింటికో మట్టి మోసింది పాలమూరు లేబరే. అడ్వాన్సు తీసుకున్న కుటుంబం ఊరు విడిచిందంటే బడి హాజరు పట్టీలో ఆ పిల్లల పేర్ల ముందు నెలల తరబడి సున్నాలే.

పిల్లవాడి రూపాయి అట్లాంటి అప్పును తీర్చగలదా అని నన్ను అడిగినవారున్నారు. తీర్చలేదు. తీర్చుతుందని పిల్లలకు చెప్పడం అబద్ధం చెప్పడమే. కాని పెద్ద అప్పు చాలామాటు చిన్న అవసరంతోనే మొదలవుతుంది. పరీక్ష ఫీజు, నోటు పుస్తకాలు, కండ్లద్దాలు, తెగిన చెప్పులు. ఆ రోజు చేతిలో వందో రెండువందలో లేక బడి మానేసిన ఆడపిల్లలను నేను చూశాను. పిల్లల పొదుపు అడ్డుకోగలిగింది ఆ మొదటి మెట్టునే.

బడిలోనే పొదుపు నేర్పాలనే ఆలోచన ఐరోపాలో పుట్టింది. ఫ్రాన్సు దేశంలోని లె మాన్ పట్టణంలో 1834లో ఒక బడి బ్యాంకు మొదలైంది. 1866లో బెల్జియంలోని గెంట్ నగరంలో ఫ్రాంస్వా లోరాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు దాన్ని ఊరి బడులలో వ్యాపింపజేశాడు. పిల్లలు తెచ్చిన చిల్లరను ఉపాధ్యాయుడు రాసుకొని, ఒక ఫ్రాంకు కాగానే పిల్లవాడి పేర పాస్‌బుక్ తీయించేవాడు. మన దేశంలో తపాలా పొదుపు బ్యాంకు 1882 ఏప్రిల్ 1న వచ్చింది. హైదరాబాద్ సంస్థానంలో సహకార సంఘాలకు చట్టం వచ్చింది 1914లో.

స్వాతంత్ర్యం తరువాత జాతీయ పొదుపు సంస్థ నడిపిన ‘సంచయిక’ ఈ వరుసలోదే. 1970, 1980 దశకాలలో చదివిన సభ్యులలో కొందరికి జ్ఞాపకం ఉండవచ్చును. అందులో మంచి సంగతి ఏమంటే, మేనేజరు, క్యాషియరు పిల్లలే. పంతులు పైనుంచి చూసేవాడు. వసూలైన సొమ్ము బడి పేర పోస్టాఫీసులోనో బ్యాంకులోనో జమ అయ్యేది. పిల్లవాడు తన పాస్‌బుక్ తాను చదువుకునేవాడు. గురిగికి లేని లెక్క ఇక్కడ వచ్చింది.

ఇక్కడే మన ఇండ్లలో ఒక చిక్కు. ఖాతా అంటే వడ్డీ, వడ్డీ అంటే హరాం, కాబట్టి పిల్లవాడికి ఖాతానే వద్దు అనే తల్లిదండ్రులు ఈనాటికీ ఉన్నారు. వడ్డీ మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, ఆలిములను అడగాలి. కాని దాచడం వేరు, వడ్డీ వేరు. ఈ సంగతి మన హైదరాబాద్‌కు కొత్తదేమీ కాదు. ఇక్కడ దఫ్తర్ల ఉద్యోగులు నెలనెలా కొంత జమ చేసుకొని, అవసరమున్న వారికి వడ్డీ లేకుండా అప్పులిచ్చే అంజుమన్‌లు నడిపారు. వాటి గురించి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో పరదేశపు పత్రికలో వ్యాసం రాశారు. తరువాత 1963లో అహ్మద్ అన్నజ్జార్ ఈజిప్టులోని మిత్ గమ్ర్ అనే చిన్న పట్టణంలో రైతుల కోసం వడ్డీ లేని పొదుపు బ్యాంకు పెట్టారు. అదే సంవత్సరం మలేసియాలో హజ్ యాత్రకు కొద్దికొద్దిగా కూడబెట్టే సంస్థ మొదలైంది. దారి ఉన్నది, నడిచినవారూ ఉన్నారు. కాకపోతే ‘వడ్డీ కాదు, లాభం’ అంటూ పెద్ద మాటలు చెప్పి మనవాళ్ల సొమ్ము ముంచినవారు కూడా ఈ సందులోంచే దూరారు. పాస్‌బుక్ ఇవ్వనివాడు ఎంత నమాజీ అయినా సరే, పైస ఇవ్వగూడదు.

ఉర్దూ చదువుకున్నవారికి డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో రాసిన ‘మిరాతుల్ ఉరూస్’ తెలుసు. ఆయన సాలార్‌జంగ్ కాలంలో హైదరాబాద్ సర్కారు కొలువులో కూడా ఉన్నారు. అందులో అస్గరీ గొప్పతనం పొదుపు అని అందరూ అంటారు. నా లెక్కలో ఆమె గొప్పతనం లెక్క అడగడం. దుకాణాల వెంట అప్పులు పెంచిన పనిమనిషి మామా అజ్మత్‌ను ఆమె పట్టుకున్నది లెక్కలతోనే గదా.

నేను ఒకప్పుడు పనిచేసిన ఒక బడిలో ఏడాది పొడుగునా పిల్లల దగ్గర వసూలు చేసిన సొమ్ము సెలవులకు ముందు తిరిగి రాలేదు. ‘తరువాత చూద్దాం’ అన్నారు. ఆ తరువాత రెండేండ్లు ఒక్క పిల్లవాడు ఒక్క రూపాయి తేలేదు. పిల్లలు ఉపన్యాసం మరిచిపోతారు గాని ఇది మరవరు. అందుకని నా తరగతిలో పెట్టుకున్న మొదటి నియమం: అడిగిన రోజే ఇవ్వాలి. సైకిలు పంక్చరుకు అడిగినా సరే, ఇంటి సంతకం ఉంటే ప్రశ్న లేదు. రెండో నియమం: ఎవరిది ఎంత అని గోడమీద రాయగూడదు. ఎక్కువ దాచినవానికి బహుమతి అంటే దుకాణం సేటు కొడుకు గెలుస్తాడు, దర్జీ కూతురు తలవంచుకుంటుంది. నేను లెక్కించేది రూపాయలు కాదు, వారాలు. శనివారం ఒక రూపాయి తెచ్చినా వారం వారమే. వడ్డీ లేదు. రిజిస్టరులో ప్రతి గీత పక్కన పిల్లవాడే సంతకం పెడతాడు. సంతకం చేయడం కూడా చాలామంది అక్కడే నేర్చుకున్నారు.

ఇప్పుడు కొత్త తంటా. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి పిల్లవాడు దుకాణానికి ఫోను పట్టుకొని పోతున్నాడు. చేతిలోంచి పైస పోవడం వాడికి కనబడదు. చిల్లర ఇంటికి రాదు, గురిగిలో పడేదేముంది? మరోవైపు, పదేండ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా నడపవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. తెలిసి పోయినవారు కౌంటర్ దగ్గర ఆగిపోతున్నారు. పిల్ల పేరు బడి రిజిస్టరులో ఒక తీరు, ఆధార్‌లో ఇంకొక తీరు, పుట్టిన తేదీ మూడోచోట మరొకటి. ఉర్దూ పేరును తెలుగులో, ఇంగ్లీషులో ఎవరికి తోచినట్టు వారు రాయడమే దీనికి కారణం. మన సొసైటీ సభ్యులలో బ్యాంకులలో, పోస్టాఫీసులలో పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. నెలకొక ఆదివారం బడికి వచ్చి ఈ పేర్లు సరిచేసే కాగితాలు నింపి పెడితే చాలు. బెంచీలు, పెన్నులు మావి.