ఉత్తరాంధ్ర బడిపిల్లల కళ్లజోడు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో బడిపిల్లల హ్రస్వదృష్టి, అంటే దగ్గరివి స్పష్టంగా, దూరపువి మసకగా కనిపించే లోపం, నల్లబల్లపై అక్షరాలు కనబడనప్పుడే చాలాకాలం బయటపడేది. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం మొదలైనా దాని దృష్టి ప్రధానంగా పెద్దల శుక్లాలపైనే నిలిచింది. 2006లో విశాఖపట్నంలో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ప్రాంగణం ఏర్పడడంతో ఉన్నతస్థాయి చికిత్స ఈ జిల్లాలకు చేరువైంది, 2019 అక్టోబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ కంటి పరీక్షల పథకం వైఎస్సార్ కంటివెలుగు తొలి విడతలోనే బడిపిల్లలకు పరీక్షలు జరిపింది.

అయితే ఇలాంటి పరీక్షల తర్వాత హ్రస్వదృష్టికి ఇచ్చే మామూలు కళ్లజోడులోని పుటాకార కటకం, అనగా మధ్యలో పలుచగా అంచుల్లో మందంగా ఉండే అద్దం, చూపును సరిదిద్దుతుందే గాని కనుగుడ్డు పొడవు పెరగడాన్ని ఆపదు. పవరు తగ్గించి ఇస్తే లోపం నెమ్మదిస్తుందన్న పాత నమ్మకాన్ని 2002లో మలేసియా అధ్యయనం తారుమారు చేసింది: పవరు తగ్గించి ఇచ్చిన పిల్లల్లోనే లోపం ఎక్కువగా పెరిగింది. హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం, హోయా సంస్థ కలిసి రూపొందించిన అద్దంలో 9 మిల్లీమీటర్ల నడిభాగం మామూలుగా చూపునిస్తుండగా, చుట్టూ ఉన్న సుమారు 400 సూక్ష్మ కటకాలు కొంత కాంతిని రెటీనాకు, అంటే కంటి వెనుక తెరకు, ముందే కేంద్రీకరించి కనుగుడ్డు ఎదుగుదలను నెమ్మదింపజేస్తాయి. రెండేళ్ల ప్రయోగంలో లోపం పెరుగుదల సగానికి పైగా తగ్గింది. ధర మాత్రం మామూలు జోడు కంటే చాలా ఎక్కువ.