చూరు కింద గాలి

1999 జూన్ 10. గురువారం సాయంత్రం. ఫ్రాన్సులో లె మాన్స్ ఊరి బయట, రోడ్డుకి రెండు పక్కలా చెట్లు. మధ్యలో తారు. ఆ తారు మీద ఒక వెండిరంగు కారు, ముందు పోతున్న ఆడి కారు వెనకాలే తరుముకుంటూ వస్తోంది. స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడికి ఇరవై రెండేళ్లు. ఆస్ట్రేలియా వాడు. పేరు మార్క్ వెబర్. కారు మెర్సిడెస్ సీఎల్ఆర్. నేలని కరుచుకుని పరిగెత్తడానికే పుట్టిన కారు. ముందు కారుని దాటుదామని ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ముందు చక్రాలు తేలికైపోయాయి. అద్దంలోంచి రోడ్డు కనబడాలి.

ఆకాశం కనబడింది.

కారు పల్టీ కొట్టింది. తుక్కుతుక్కయింది. వెబర్ బతికాడు. మెడ పట్టేసింది, ఒళ్లు హూనమైంది, కానీ బతికాడు. చిక్కల్లా ఏంటంటే, ఆ చోట టీవీ కెమెరా లేదు. కారు ఎలా లేచిందో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు. గ్యారేజీకి చేరింది రెండే. విరిగిన బాడీ, కారు గాల్లోకి లేచిందన్న డ్రైవర్ నోటిమాట.

ఇరవై నాలుగ్గంటల రేసు శనివారం మొదలవుతుంది. ఆ నోటిమాట మీద ఎంత భారం వేయాలి?

లె మాన్స్‌లో కార్లు పరిగెత్తేది పూర్తిగా కట్టుకున్న ట్రాకు మీద కాదు. మామూలు రోజుల్లో సగానికి పైగా అది జనం తిరిగే రోడ్డే. అవనిగడ్డ మీదుగా పోయే 216 నంబరు హైవే మీద లారీలు, ఆటోలు ఎలా తిరుగుతాయో ఆ రోడ్డు మీదా అలాగే తిరుగుతాయి. రేసు రోజులొస్తే మూసేస్తారు. హైవే కాబట్టి హైవేకుండే మిట్టలూ పల్లాలూ దానికీ ఉన్నాయి. కారులో వెళ్లేవాడికి ఆ మిట్ట తెలియను కూడా తెలియదు. గంటకి 300 కిలోమీటర్ల మీద వెళ్లేవాడికి తెలుస్తుంది. ఆ వేగంలో సెకనుకి 83 మీటర్లు. కన్ను మూసి తెరిచేలోపు మిట్ట వచ్చేస్తుంది, పోతుంది.

శుక్రవారం కార్లు తిరగవు. మెకానిక్కులకి ఆ వ్యవధి చాలు. వెబర్ కారుని మళ్లీ నిలబెట్టారు. శనివారం పొద్దున్న రేసుకి ముందు వార్మప్. వెబర్ బెల్టులు బిగించుకున్నాడు. పొడవాటి ముల్సాన్ రోడ్డు మీదికి వచ్చాడు. రోడ్డు చివర మలుపు. మలుపుకి ముందు మిట్ట.

మిట్ట ఎక్కాడు. ముక్కు లేచింది.

ఈసారి ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. కారు నిలువునా నిలబడి పొట్ట చూపిస్తున్న ఫొటోలు ఆ రోజే లోకమంతా చుట్టేశాయి. కారు వెల్లకిలా పడి, టాపు మీద జారుకుంటూ పోయి ఆగింది. రెండు రోజుల్లో రెండోసారి వెబర్ తలకిందులుగా వేలాడాడు. రెండోసారీ నడిచి బయటికొచ్చాడు. అతని నాలుగో నంబరు కారుని రేసులోంచి తీసేశారు.

మెర్సిడెస్‌కి ఇంకా రెండు కార్లు మిగిలాయి. అయిదు. ఆరు. రేసు సాయంత్రం నాలుగింటికి.

గ్యారేజీలో తలలు పట్టుకున్నారు. వేల కిలోమీటర్లు తిప్పి చూసిన కారు. టెస్టుల్లో ఒక్కసారీ లేవలేదు. మరిక్కడెందుకు లేస్తోంది?

దివిసీమలో పెద్దవాళ్లని అడిగితే చెప్పేవాళ్లు. 1977 నవంబరు 19న ఉప్పెనతో పాటు విరుచుకుపడ్డ గాలి వాళ్లకి తెలుసు. పూరింటి కప్పుని గాలి పైనుంచి తొక్కి పడగొట్టదు. చూరు కిందికి దూరి ఎత్తుతుంది. చూరు ఒక్క మూల లేచిందా, ఇక వాసాలు ఆగవు, తాటాకు ఆగదు. కప్పు మొత్తం పోతుంది. సీఎల్ఆర్‌కి చూరు ఎక్కడుందంటే ముందు చక్రాలకి అవతల, బారుగా సాగిన ముక్కు కింద. ఇలాంటి కార్ల అడుగు బల్లపరుపుగా ఉంటుంది. రోడ్డుకీ అడుగుకీ మధ్య సందులోంచి గాలి జోరుగా పారినంతసేపూ కారు నేలకి అతుక్కుంటుంది. ముక్కు కాస్త ఎక్కువ లేచిందంటే లెక్క తిరగబడుతుంది. కిందికి లాగాల్సిన గాలే పైకి నెడుతుంది. వెనక రెక్క తోకని గట్టిగా నొక్కిపెట్టే ఉంచుతుంది. తోక కింద, ముక్కు పైన. ఇక పల్టీయే.

పైగా ఈ కారుకి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.67 మీటర్లు. ముందూ వెనకా బాడీ మాత్రం పొడవు. చక్రాల ఎడం తక్కువై, ముక్కు బారుగా ఉంటే ప్రతి మిట్టకీ ఊగుతుంది. దానికి తోడు ముందు ఇంకో కారు ఉంటే, అది చెదరగొట్టిన గాలి మన కారు ముక్కుకి సరిగ్గా అందదు, ముక్కు మీద బరువు తగ్గిపోతుంది. మిట్ట, వేగం, ముందు కారు. మూడూ ఒకే క్షణంలో కలవాలి. టెస్టు ట్రాకుల్లో అలా కలిసిరాలేదు.

లె మాన్స్‌లో గంటగంటకీ కలిసొస్తాయి.

నిజానికి కొత్త జబ్బేం కాదు. ఎనిమిది నెలల ముందు, 1998 అక్టోబరులో, అమెరికాలోని రోడ్ అట్లాంటాలో యానిక్ డాల్మాస్ నడుపుతున్న పోర్షే 911 జీటీ1 ఇలాగే మిట్ట మీద, ఇలాగే ముందు కారు వెనక, ఇలాగే వెనక్కి తిరగబడింది. అందరూ చూశారు. పక్కవాడి కారుకొచ్చిన రోగం మన కారుకి రాదులే అనుకోవడం మెకానిక్ షెడ్డు నుంచి మెర్సిడెస్ దాకా ఉన్నదే.

ఫార్ములా వన్ కార్ల డిజైన్‌లో చెయ్యి తిరిగిన అడ్రియన్ న్యూయీని సంప్రదించారు. ముక్కుకి రెండు పక్కలా చిన్న రెక్కలు బిగించారు, ముందు భాగం మీద కాస్త ఒత్తిడి పెరుగుతుందని. డ్రైవర్లకి ఒక మాట చెప్పారు. మిట్టల దగ్గర ముందు కారుకి మరీ దగ్గరగా పోవద్దు. చెప్పడానికి బాగానే ఉంది. ఇరవై నాలుగ్గంటల రేసులో ముందు కారుకి దగ్గరగా పోకుండా దాన్ని దాటేదెలా?

నాలుగైంది. జెండా ఊగింది. రెండు సీఎల్ఆర్‌లూ బయల్దేరాయి.

గంట గడిచింది. రెండు. మూడు. నాలుగు. ఏమీ కాలేదు. గ్యారేజీలో ఊపిరి కాస్త సర్దుకుంది. అయిదో నంబరు కారులోకి పీటర్ డంబ్రెక్ ఎక్కాడు. స్కాట్లండ్ వాడు, ఇరవై అయిదేళ్లు. రాత్రి తొమ్మిది కావస్తోంది. అక్కడ జూన్ కదా, వెలుతురు ఇంకా పోలేదు. ముందు థియరీ బూట్సన్ నడుపుతున్న టయోటా. దాన్ని పట్టుకోవాలి. ముల్సాన్ మలుపు దాటింది. ఇండియానాపోలిస్ అనే మలుపు వైపు రోడ్డు పరుచుకుంది. వేగం 300 దరిదాపుల్లో. టయోటా దగ్గరైంది. మిట్ట దగ్గరైంది.

ముక్కు లేచింది, లేచిన ముక్కు కింద గాలి జొరబడింది, జొరబడిన గాలి దాదాపు 900 కిలోల కారుని అట్టముక్కలా నిలబెట్టేసింది, నిలబడ్డ కారు రోడ్డుని వదిలేసి, పల్టీ మీద పల్టీ కొడుతూ, పక్కనున్న రెయిలింగ్‌ని పైనుంచే దాటేసి, టీవీ ముందు కూర్చున్న జనం అది నిజమా కాదా అని తేల్చుకునేలోపే చెట్ల మధ్యకి పోయి మాయమైంది.

తెర మీద ఖాళీ రోడ్డు.

మెర్సిడెస్ వాళ్లకి ఆ ఖాళీ రోడ్డు 1955ని గుర్తు చేసింది. ఆ ఏడాది జూన్ 11న ఇదే లె మాన్స్‌లో పియర్ లెవెగ్ నడుపుతున్న మెర్సిడెస్ జనం మీదికి దూసుకుపోయింది. లెవెగ్‌తో పాటు ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత కంపెనీ దశాబ్దాల పాటు రేసింగ్‌కి దూరంగా ఉండిపోయింది. ఇప్పుడు మళ్లీ అదే ఊరు. మళ్లీ జూన్.

డంబ్రెక్ ఎక్కడ?

కారు పడిన చోట అప్పటికే చెట్లు కొట్టేసి ఉన్నాయి. మానులు నిలబడి ఉంటే కథ వేరేగా ఉండేది. డంబ్రెక్ స్పృహ తప్పాడు, తర్వాత తేరుకున్నాడు. పెద్ద దెబ్బలేవీ లేవు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. అంతలో పోలీసులొచ్చి తాగాడేమోనని ఊపిరి పరీక్ష చేశారు! హైవే మీద యాక్సిడెంటయింది మరి, వాళ్ల రూలు వాళ్లది.

మెర్సిడెస్ జట్టు పెద్ద నార్బర్ట్ హాగ్ ఇక ఆలోచించలేదు. ఆరో నంబరు కారుని వెనక్కి పిలిపించేశారు. గ్యారేజీ షట్టరు దించేశారు. సీఎల్ఆర్ మళ్లీ ఏ రేసులోనూ దిగలేదు. గురువారం వెబర్ చెప్పిన మాట అక్షరాలా నిజమని ఒప్పుకోవడానికి మూడు కార్లూ పోవాల్సి వచ్చింది.

వైద్యం మాత్రం నిదానంగా వచ్చింది. లె మాన్స్‌లో ముల్సాన్ రోడ్డు మీది మిట్ట ఎత్తు తగ్గించారు. 2011 నుంచి కొత్త కార్లకి వీపు మీద సొరచేప వీపురెక్కలాంటి పెద్ద రెక్క తప్పనిసరి చేశారు. మరుసటి ఏడాది నుంచి చక్రాల పైన బాడీకి చిల్లులు పెట్టమన్నారు, లోపల చిక్కుకున్న గాలి పైకి పోవడానికి. వెబర్ 2014లో లె మాన్స్‌కి తిరిగొచ్చింది ఆ రెక్కా ఆ చిల్లులూ ఉన్న పోర్షేలోనే.

ఇంతకీ 1999లో ఆదివారం సాయంత్రం కప్పు ఎత్తిందెవరు? బీఎండబ్ల్యూ జట్టు. ఆ కారు నడిపిన ముగ్గురిలో ఒకడు యానిక్ డాల్మాస్. ఎనిమిది నెలల కింద పోర్షేతో వెనక్కి తిరగబడ్డ మనిషే. గెలిచిన కారు మోడల్ వీ12 ఎల్ఎంఆర్. మరుసటి ఏడాది అదే మోడల్ కారు, బిల్ ఆబెర్లెన్ చేతుల్లో, రోడ్ అట్లాంటాకి వెళ్లింది. మిట్ట ఎక్కింది.

అదీ లేచింది.