హర్షా భోగ్లే

హర్షా భోగ్లే (జననం: 1961 జులై 19, హైదరాబాదు) భారతీయ క్రికెట్ వ్యాఖ్యాత, రచయిత, ప్రోసెర్చ్ కన్సల్టెంట్స్ సంస్థ సహవ్యవస్థాపకుడు. మరాఠీ మాతృభాషగా గల అధ్యాపక కుటుంబంలో జన్మించారు. తండ్రి ఫ్రెంచి ఆచార్యులు. తల్లి మనస్తత్వశాస్త్ర ఆచార్యులు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగు, అహ్మదాబాద్ ఐఐఎంలో మేనేజ్‌మెంట్ విద్య పూర్తిచేశారు. హైదరాబాద్ నగర ఏ డివిజన్ క్రికెట్ లీగ్‌లో ఆడారు. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే రోహింటన్ బారియా క్రికెట్ టోర్నీలో ఉస్మానియాకు ప్రాతినిధ్యం వహించారు.

హైదరాబాద్‌లో ఉండగానే 19 ఏళ్ల వయసులో ఆకాశవాణిలో వ్యాఖ్యానం ప్రారంభించారు. 1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా పర్యటన సమయంలో అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ ఆహ్వానం అందుకున్న తొలి భారతీయ వ్యాఖ్యాత ఆయనే. అంతర్జాతీయ క్రికెట్ ఆడని వ్యక్తికి ఇది అరుదైన గౌరవం. 1995 నుంచి ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్ ప్రసారాల ద్వారా దేశమంతటికీ పరిచయమయ్యారు.

భార్య అనితా భోగ్లేతో కలిసి నెలకొల్పిన ప్రోసెర్చ్, జట్టు నిర్మాణం, నాయకత్వం వంటి అంశాల్లో క్రీడారంగ పాఠాలను వ్యాపార సంస్థలకు అందిస్తుంది. మాజీ క్రీడాకారులదే పైచేయిగా ఉన్న వ్యాఖ్యాన రంగం నుంచి వచ్చి క్రీడా పరిజ్ఞానాన్నే వృత్తిసేవగా మలచడం ఆయన ప్రత్యేకత. అంతర్జాల మాధ్యమంలో ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫోకు వ్యాసాలు రాశారు. 2004లో మొదలైన క్రిక్‌బజ్‌లో విశ్లేషణ కార్యక్రమాలు నిర్వహిస్తున్నారు. హైదరాబాదీ క్రికెటర్ మహమ్మద్ అజహరుద్దీన్ జీవితచరిత్రను రచించారు. దంపతులు కలిసి రాసిన ‘ద విన్నింగ్ వే’ 2011లో వెలువడింది.