న్యూటన్ సూత్రం - ఒక తల్లి పట్టుదల

ఖాళీ ఉయ్యాల బల్లను ఒక్క తోపు తోస్తే చటుక్కున కదులుతుంది. దానిమీద బామ్మగారు కూర్చుని ఉంటే, అంతే బలంతో తోసినా బద్ధకంగా కదులుతుంది. ఈ సంగతి మనకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. కాని తోపు రెట్టింపయితే వస్తువు వేగం పుంజుకోవడమూ రెట్టింపవుతుందనీ, తోపు మారకుండా బరువు రెట్టింపయితే అది సగమవుతుందనీ తేల్చడానికి న్యూటన్ మహాశయుడు కావలసి వచ్చాడు. బరువు అన్నాను గాని, శాస్త్రంలో దాన్ని ద్రవ్యరాశి అనాలి. వేగం పుంజుకోవడం త్వరణం. హైస్కూల్లో మనం బట్టీపట్టిన రెండవ చలన సూత్రం ఇదేనండీ.

ఆయన గ్రంథం 'ప్రిన్సిపియా' 1687లో లండన్‌లో అచ్చయింది. మన పిల్లలు రాసే మూడక్షరాల సమీకరణం అందులో కనిపించదు. బలాన్ని బట్టి చలనంలో మార్పు, అదీ బలం తోసిన దిశలోనే, అని మాటల్లో ఉంటుంది. ఆ మాటలు లాటిన్‌వి. పండితులకే కొరుకుడు పడలేదు. దాన్ని పూర్తిగా ఫ్రెంచిలోకి తెచ్చింది ఎవరనుకున్నారు? ఎమిలీ దు షాట్లే అనే సంపన్న గృహిణి!

1706లో పారిస్‌లో పుట్టింది. ఆడవాళ్లకు కాలేజీ గడప తొక్కే వీలులేని కాలం. తండ్రి ఇంట్లోనే చదువు చెప్పించాడు. పెళ్లయి, పిల్లలు పుట్టాక మోపెర్తుయి, క్లేరో వంటి గణితజ్ఞుల దగ్గర పాఠాలు చెప్పించుకుంది. రచయిత వోల్టేరుతో ఆవిడ స్నేహం గురించి లోకం పేజీలకు పేజీలు రాసింది. ఆవిడ లెక్కల గురించి అంత ఓపిక చూపలేదెందుకో!

1749లో, 42 ఏళ్ల వయసులో, ఆవిడ మళ్లీ గర్భవతి. ఆ రోజుల్లో ఆ వయసులో కాన్పంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? బతకనేమోనన్న భయం పట్టుకుంది. పుస్తకం ఇంకా పూర్తికాలేదు. పొద్దున్న లేచింది మొదలు మూడింటిదాకా పని, కాఫీ తాగి నాలుగు నుంచి రాత్రి పదిదాకా, అర్ధరాత్రి మొదలుపెట్టి మళ్లీ తెల్లవారుజామున ఐదుదాకా, అని ఒక ఉత్తరంలో రాసుకుంది. ఒట్టి అనువాదమైతే ఇంత శ్రమ ఉండేది కాదేమో. న్యూటన్ బొమ్మలు గీసి నిరూపించినవాటిలో కొన్నింటిని కలన గణితంలో చేసి చూపిస్తూ వ్యాఖ్యానం కూడా చేర్చింది. రాతప్రతిని రాజుగారి గ్రంథాలయంలో భద్రపరిచే ఏర్పాటూ చేసింది.

సెప్టెంబరు 4న ఆడపిల్లను కన్నది. 10న కన్నుమూసింది.

పుస్తకం పూర్తిగా వెలువడింది 1759లో. న్యూటన్ సూత్రాలతోనే లెక్కకట్టి, వస్తుందని క్లేరో ముందుగా చెప్పిన హేలీ తోకచుక్క సూర్యుణ్ణి చుట్టి వెళ్లింది కూడా ఆ ఏడాదే. ఫ్రెంచిలో ప్రిన్సిపియాకు ఈనాటికీ ప్రామాణికమైన అనువాదం ఆవిడదే.